బల్ల వెనక ఐదడుగులు

2000 అక్టోబరు 4, బుధవారం

రెండు మిల్లీమీటర్లు. ఇన్నేళ్ళూ ముప్ఫై ఎనిమిది ఉన్న టేబుల్ టెన్నిస్ బంతి ఒకటో తారీఖు నుంచి నలభై. కారణమేమిటయ్యా అంటే టీవీలో కనబడటం లేదట! ఆడేవాడికి కనబడుతోంది, ఎదుటివాడికి కనబడుతోంది. సోఫాలో కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకునేవాడికి కనబడటం లేదు కనుక బంతిని ఉబ్బించారు. ప్రకటనలవాళ్ళు అడిగారు, ప్రపంచ సంఘం తలూపింది. ఇంతకంటే బరితెగింపు ఉంటుందా?

పేపర్లో వచ్చిన నాలుగు లైన్ల వార్తను సాయంత్రం మా మణుగూరు క్లబ్బులో గట్టిగా చదివి వినిపించాను. ముక్తార్ నెట్టు చిరుగు కుడుతున్నాడు, బజార్లో తన కొట్టులో జీపు సీట్లు కుట్టే సూదితోనే. తలెత్తకుండా అన్నాడు: "లోకమంత మారాలె అని ఇరవై ఏండ్ల సంది కరపత్రాలు రాస్తున్నవ్ తోమాస్ భాయ్. బంతి రెండు మిల్లీమీటర్లు మారితే ఓర్వవా?"

అందరూ నవ్వారు. నా మేనకోడలు ఫ్లోరెన్స్ కూడా.

మార్పు వేరు. ఎవరి కోసం మార్పు అన్నది వేరు. ఈ తేడా ముక్తార్‌కు ఇరవై ఏళ్ళుగా చెబుతూనే ఉన్నాను. ఇవాళ మళ్ళీ చెప్పాను. దారం కొరికి పారేశాడు.

అక్టోబరు 8, ఆదివారం

చెల్లెలు సంపూర్ణ భద్రాచలం నుంచి వచ్చింది. క్వార్టరు మెట్లు ఎక్కడానికి రెండుసార్లు ఆగింది. మిషన్ దవాఖానాలో పదహారేళ్ళుగా ఆయా పని. ఆ మోకాళ్ళు అక్కడి గచ్చుకే అరిగిపోయాయి.

"జూన్ దాకనే అన్నా. అటెన్క నాతోని కాదు. పెద్ద సిస్టరమ్మ నా జాగ ఫ్లోరెన్స్‌కు ఇస్త అంటున్నది. నువ్వేమో ఆట ఆట అంటవ్. ఆటతోని కూడు పుడ్తదా?"

పుడుతుందని చెప్పాను. జనవరిలో ఖమ్మంలో సెలక్షన్లు. అమ్మాయిల్లో మొదటి ఇద్దరికి హైదరాబాదు స్పోర్ట్స్ హాస్టల్లో సీటు. డిగ్రీ, తిండి, ఆపైన క్రీడల కోటాలో ఉద్యోగం. ఆగస్టు పోటీల్లో జిల్లా అంతటికీ ఫ్లోరెన్సే మొదటిది. చెల్లెలి బిడ్డను తొమ్మిదో ఏట నా దగ్గరికి తెచ్చుకున్నది దాని చేతికి చీపురు ఇవ్వడానికి కాదు.

"దాని చేత బకెట్ పట్టనివ్వను" అన్నాను.

"అన్నీ రాస్తవ్ గద అన్నా. గదొక్కటి రాసియ్యి."

నవ్వుతూ అంది. నేను నవ్వలేదు. తెల్ల కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చాను. మడిచి సంచిలో దాచుకుంది.

అక్టోబరు 19

ఫ్లోరెన్స్ ఆటను గురించి ఎవరూ రాయలేదు కనుక నేనే రాసిపెట్టాలి.

క్లబ్బు గది ముప్ఫై ఒక్క అడుగులు. బల్ల తొమ్మిది. తలుపు వైపు పదకొండడుగుల చోటు ఉంది. గోడ వైపు ఐదే, ఎందుకంటే ఆ గోడకు ఆరడుగుల మేర నా కట్టలున్నాయి. మా గని యూనియన్ చీలిన ఏడు నుంచి వేసిన కరపత్రాలు, మా మాసపత్రిక మిగిలిపోయిన సంచికలు, అన్నీ తాళ్ళు కట్టి పేర్చినవి. ఫ్లోరెన్స్ మొదటి రోజు నుంచీ ఆ వైపే నిలబడింది. వెనక్కి అడుగు వేస్తే వీపుకు కట్టలు తగులుతాయి. కాబట్టి బంతి లేస్తుండగానే, ఇంకా ఎత్తు అందుకోకముందే కొట్టాలి. పైన బుడిపెలున్న రబ్బరు అంటించిన బ్యాటు, మోచేతి నుంచి చిన్న విదిలింపు, అంతే. అవతలివాళ్ళు చూసేలోపు బంతి వాళ్ళ చంక కింద నుంచి వెళ్ళిపోతుంది.

చోటు లేనివాళ్ళ ఆట ఇది. ఎనిమిదడుగులు వెనక్కి పోయి తాపీగా చేయి తిప్పే ఆట హాళ్ళున్నవాళ్ళది. నేను దానికి నేర్పింది ఒక్కటే: వెనక్కి తగ్గకు.

నవంబరు 14

జిల్లా సంఘం నుంచి పార్సిల్. కొత్త బంతులు, ఆరు. క్లబ్బుకు ఆరు చొప్పున పంపుతున్నారట, సెలక్షన్లు వీటితోనేనట.

గదిలో ఎవరూ లేరు. ఒకటి బల్ల మీద వదిలి చూశాను. చప్పుడు వేరు. పాతదాని చప్పుడు గోటితో పలక మీద కొట్టినట్టు ఉంటుంది. ఇది ఎవరో పక్క గదిలో తలుపు తట్టినట్టుంది. సగం బల్ల మడిచి గోడలా నిలబెట్టి ఫ్లోరెన్స్ దెబ్బ ఒకటి కొట్టాను. బంతి పోయింది. పోతూ పోతూ గాలిలో నిదానించింది.

మళ్ళీ కొట్టాను. మళ్ళీ అంతే.

ఆరూ డబ్బాలో పెట్టి, నాలుగు పేజీల ఉత్తరం జతచేసి, రిజిస్టర్డ్ పోస్టులో తిప్పి పంపాను. మణుగూరు క్లబ్బు ఈ బంతిని గుర్తించదు. ఒక్క క్లబ్బు నిలబడితే పది నిలబడతాయి. చరిత్రలో ఎప్పుడూ ఇంతే.

నవంబరు 15

పార్సిల్ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సినంత విషయం కాదు.

నవంబరు 22

ఫ్లోరెన్స్ అడిగింది. "మామా, కొత్తగూడెం క్లబ్బుకు పెద్ద బంతులు వచ్చినయట. మనకు రాలేదా?"

"లేవు."

"ఉత్తరం రాసి అడుగుదమా?"

"మనం అడుక్కోం బిడ్డా. సెలక్షన్లు పాత బంతితోనే జరిగేటట్టు చేస్తున్నాను."

సరే అంది. అది ఎప్పుడూ సరే అంటుంది. 'లేవు' అన్నాను. నిజంగానే లేవు కదా.

డిసెంబరు 1

సంఘం నుంచి జవాబు లేదు. జవాబు లేదంటే ఆలోచనలో పడ్డారన్నమాట.

డిసెంబరు 7, గురువారం

ఒళ్ళు మండిపోతోంది. అయినా వరసగా రాస్తాను.

ఫ్లోరెన్స్ పది రోజులుగా కాలేజీ నుంచి ఆలస్యంగా వస్తోంది. ఇవాళ బజార్లో ముక్తార్ కొట్టు వెనక రేకుల షెడ్డులోంచి ఆ చప్పుడు వినబడింది. తలుపు తట్టినట్టుండే చప్పుడు. లోపలికి వెళ్ళాను. రెండు పాత జీపు సీట్ల మీద ప్లైవుడ్ పలక, మధ్యలో నెట్టు బదులు అట్టముక్క. ముక్తార్ బావమరిది అతీక్ హైదరాబాదు నుంచి ఒక బంతి తెచ్చాడట. ఒక్కటే.

ఫ్లోరెన్స్ వెనక నిలబడి ఉంది. ఎనిమిది, పదడుగుల వెనక. బంతి దిగుతుంటే మోకాళ్ళు వంచి కింద నుంచి పైకి లాగుతోంది. అలా ఆడగలదని నాకు తెలియదు. నవ్వుతోంది.

నన్ను చూసి ఆపేసింది.

ముక్తార్ అన్నాడు: "గుస్సా చెయ్యకు భాయ్. ఒకసారి చూడు. ఆ దెబ్బ ఈ బంతికి పోతలేదు. గాలిల ఆగుతున్నది. అవతలోళ్ళకు టైం దొరుకుతది, తిప్పి పంపుతరు. ఒక్క దెబ్బకు పడే పాయింటు ఇప్పుడు మూడు కొడ్తె గాని పడది. పిల్లకు వెనకకు నడుచుడు నేర్పాలె."

"నేను ఎనిమిదేళ్ళు నేర్పింది తప్పంటావా?"

"గప్పుడు తప్పు కాదు. నా ఆట మాత్రం ఉన్నదా? నేను బ్యాటుతోని కింద కోస్తే పాత బంతి బల్ల మీద పాములెక్క జారేది. ఇది బర్రెలెక్క నిలబడుతున్నది. ఏం జేస్తం? నేర్సుకోవాలె. క్లబ్బుల ఆ కట్టలు తీసెయ్యి భాయ్, ఆరడుగులు దొరుకుతది. నెల దినాలు చాలు, పిల్ల తేలుతది."

"అవి కట్టలు కావు. ఈ గనుల చరిత్ర."

"చెదలు తింటున్న చరిత్ర."

దీనికి జవాబు చెప్పాను. ఏమేమి అన్నానో ఇక్కడ రాయను. నా పిల్లను నా వెనక నాకే ఎదురు తిప్పావని కూడా అన్నాను. ముక్తార్ ముఖం చిన్నబోయింది. చేతులు తుడుచుకుని, "నీ మేనకోడలు నీ మాట దాటది. గదే దాని ఖర్మ" అన్నాడు.

ఫ్లోరెన్స్ వైపు తిరిగి "నీ ఇష్టం" అన్నాను. బ్యాటు సంచిలో పెట్టుకుని నా వెనకాలే వచ్చింది. కొంత దూరం వచ్చాక ఆ బంతిని నా చేతిలో పెట్టింది. నేను అడగలేదు.

ఇది స్పష్టంగా ఉండాలి: నేను బలవంతం చేయలేదు.

డిసెంబరు 8

బంతి సొరుగులో ఉంది.

డిసెంబరు 16

రోజుకు నాలుగు గంటలు. దెబ్బ ఇంత పదునుగా ఎన్నడూ లేదు. సొట్టపడిన పాత బంతులను వేడినీళ్ళలో వేసి సరిచేసుకుంటున్నాం. నీళ్ళలో మెల్లగా ఉబ్బి మళ్ళీ గుండ్రం అవుతాయి. ఫ్లోరెన్స్ గరిటెతో ఒక్కొక్కటే తీసి తుడిచి పెడుతుంది.

ముక్తార్ క్లబ్బుకు రావటం లేదు. రాకపోతే పోయె.

డిసెంబరు 25

నేను చర్చికి పోను. ఫ్లోరెన్స్ వెళ్ళి వచ్చింది. ఏం కోరుకున్నావని వేళాకోళంగా అడిగాను.

"సెలక్షన్ పాత బంతితోనే పెట్టాలె అని."

"దేవుడికి ఎందుకు? నేను రాశాను కదా."

"నువ్వు సంఘపోళ్ళకు రాసినవ్. వాళ్ళు ఇనకపోతే?"

2001 జనవరి 6

జవాబు లేదు.

జనవరి 19, శుక్రవారం. ఖమ్మం

బస్సులో వచ్చాం. అడవి దారిలో పోలీసుల తనిఖీ. అందరినీ దింపి సంచులు విప్పించారు. నా సంచిలో కాగితాలు చూసి చాలాసేపు తిప్పారు. ఒక కానిస్టేబుల్ ఫ్లోరెన్స్ సంచిలోంచి పాత బంతి ఒకటి తీశాడు.

"ఏందిది? లోపల ఏమున్నది?"

"గాలి" అంది ఫ్లోరెన్స్.

వాడు బొటనవేలితో నొక్కాడు. సొట్టపడింది. బస్సులోకి ఎక్కాక అది నా భుజానికి తల ఆనించి నవ్వింది. "చూసినవా మామా, ఉత్త గాలే." భయంగా ఉందా అని అడిగితే లేదంది.

ఇక్కడ మెథడిస్టు పాస్టరుగారి ఇంట్లో దిగాం. రేపు పొద్దున్నే హాలుకు.

జనవరి 20

ఓడింది. అన్యాయం. రేపు రాస్తాను.

జనవరి 23, మంగళవారం. మణుగూరు

హాలులో వెలుతురు సరిగా లేదు. నేల జారుడుగా ఉంది. అంపైర్లు పట్నం వాళ్ళ పక్షం. ముందు ఇవి రాసుకోవాలి.

బంతి పెద్దదే. నా ఉత్తరం గురించి ఎవరూ నోరెత్తలేదు.

మొదటి ఆట ఫరహాతో. ఖమ్మం పిల్ల, పొడగరి. ఆగస్టులో ఫ్లోరెన్స్ చేతిలో ఒక గేమ్ ఇరవై ఒకటి-తొమ్మిది, ఇంకోటి ఇరవై ఒకటి-పన్నెండు ఓడిన పిల్ల. ఫ్లోరెన్స్ మొదటి దెబ్బ కొట్టింది. అదే దెబ్బ, అంతే అందం. ఆగస్టులో ఫరహా ఆ బంతిని చూడను కూడా చూడలేదు. శనివారం చూసింది. రెండడుగులు వెనక్కి వేసి, ఎత్తుగా, మెత్తగా తిప్పి పంపింది. ఫ్లోరెన్స్ మళ్ళీ కొట్టింది. మళ్ళీ వచ్చింది. నాలుగో దెబ్బకు మోచెయ్యి అలిసిపోయి నెట్టుకు కొట్టింది.

హాలులో దాని వెనక ఇరవై అడుగుల ఖాళీ ఉంది. అది ఒక్కటంటే ఒక్క అడుగు వెనక్కి వేయలేదు. రెండో గేమ్‌లో ఒకసారి వేయబోయింది. కాలు లేపి, వెనక ఏదో ఉన్నట్టు చూసుకుని, మళ్ళీ ముందుకే పెట్టింది. అక్కడ ఏమీ లేదు. నాకు కనబడింది. వెనక ఏమున్నాయని అది అనుకుందో నాకు కనబడింది.

మొదటి గేమ్ పదిహేడుకు, రెండోది పద్నాలుగుకు పోయింది. తర్వాతి రెండు ఆటలూ అంతే. పన్నెండు మందిలో తొమ్మిదో స్థానం.

ఇక్కడితో ఆపొచ్చు. కానీ ఇది నా కోసం రాసుకుంటున్నది.

అంతా అయ్యాక సంఘం కార్యదర్శి జైరాం దగ్గరికి పోయి గట్టిగా అరిచాను. బంతి మార్చి పేద క్లబ్బుల గొంతు కోశారన్నాను. జైరాం మెత్తటి మనిషి. నొచ్చుకుని అన్నాడు: "అదేంది సార్, గందుకే గద అన్ని క్లబ్బులకు ఆరేసి బంతులు పంపినం. అందరు ఉంచుకున్నరు. మీరొక్కరే తిప్పి పంపిన్రు. ఉత్తరం కూడ ఉన్నది, ఫైల్ల పెట్టిన."

నా పక్కన ఫ్లోరెన్స్ బ్యాటుకు గుడ్డ చుడుతోంది. చుట్టడం ఆపలేదు. చివర ముడి కూడా వేసింది.

బస్సులో కిటికీ వైపు కూర్చుంది. కొత్తగూడెం దాటాక అడిగింది.

"ఎన్ని, మామా?"

"ఆరు."

అంతే. మళ్ళీ ఏమీ అడగలేదు. ఇప్పటిదాకా అడగలేదు.

ఫిబ్రవరి 11

'నలభై మిల్లీమీటర్ల కుట్ర' మొదలుపెట్టాను. ఎనిమిది పేజీలు వస్తుంది.

ఫిబ్రవరి 13

రెండో పేజీలో 'దూరప్రాంత క్లబ్బులకు కొత్త బంతులు అందుబాటులో లేకుండా చేసి' అని రాశాను. కలం అక్కడే ఆగింది. ఎవరు చేసి?

మార్చి 4

మొదలుపెట్టలేదు.

ఏప్రిల్ 15, ఆదివారం

ఈస్టరు. సంపూర్ణ వచ్చింది. అన్నం తిన్నాక సంచిలోంచి మడిచిన కాగితం తీసి బల్ల మీద పెట్టింది. మడతల దగ్గర చినిగింది.

"నీ రాతనే గద అన్నా. నీ కట్టలల్ల పెట్టుకో."

కోపంగా అనలేదు. కోపంగా అంటే నా దగ్గర జవాబులున్నాయి.

ఫ్లోరెన్స్ వంటగదిలో గిన్నెలు తోముతోంది. తల్లికి వినబడేటట్టు అంది: "జూన్‌ల పోత అమ్మా. మామను ఏమనకు."

జూన్ 4, సోమవారం

ఫ్లోరెన్స్ పొద్దున ఏడు గంటల భద్రాచలం బస్సుకు వెళ్ళింది. బ్యాటు ఇక్కడే ఉంది. మర్చిపోయి ఉంటుంది.

జూన్ 10, ఆదివారం

కట్టలు తీశాను.

ఒక్కడినే మొదలుపెట్టాను. కాసేపటికి ముక్తార్ వచ్చాడు. డిసెంబరు తర్వాత గడప తొక్కడం ఇదే. 'ఇప్పుడా భాయ్' అంటాడని ఎదురుచూశాను. అనలేదు. లుంగీ ఎగగట్టుకుని అవతలి కొస పట్టుకున్నాడు.

కింది వరసలన్నీ చెదలే. ఎత్తుతుంటే మట్టిలా రాలిపోయాయి. ఏ ఏటి సంచికలో, ఏ పోరాటం మీద రాసినవో తెలియదు. పైవి కొన్ని బాగున్నాయి. సీట్ల కింద అట్టకు పనికొస్తాయా అని నేనే అడిగాను.

ముక్తార్ ఒకటి తీసి చదివి, "వద్దు భాయ్, గుచ్చుకుంటయ్" అన్నాడు.

ఇద్దరం నవ్వాం. తర్వాత నేను చాలాసేపు గోడ వైపు తిరిగి నిలబడ్డాను. అతను ఊడుస్తూనే ఉన్నాడు.

గోడ దాకా పదకొండడుగులు. తలుపు వైపు ఎంతో ఇటూ అంతే. కట్టలున్న చోట గచ్చు కొత్తగా, నల్లగా నిగనిగలాడుతోంది. బల్లకు దగ్గరగా రెండు పాదాల మేర మాత్రం సిమెంటు అరిగి గుంట పడింది. ఎనిమిదేళ్ళు అది నిలబడిన చోటు. తడిగుడ్డ పెట్టి తుడిచినా ఆ గుంటలో నీళ్ళు నిలిచాయి.

జూన్ 17, ఆదివారం. భద్రాచలం

సొరుగులోని బంతి, దాని బ్యాటు తీసుకుని బస్సెక్కాను. గోదావరిలో ఇంకా కొత్తనీరు రాలేదు. వంతెన మీద ఏం చెప్పాలో వరుసగా అనుకున్నాను. జీవితమంతా మీటింగుల్లో మాట్లాడినవాడిని.

ఫ్లోరెన్స్ దవాఖానాలో ఆడవాళ్ళ వార్డు వరండాలో ఉంది. నీలం చీర కట్టుకుంది, దాన్ని చీరలో చూడటం అదే మొదలు. బకెట్ పక్కన పెట్టుకుని పొడుగు కర్రకు కట్టిన గుడ్డతో గచ్చు తుడుస్తోంది. ముందు నుంచి వెనక్కి. ఒక వరస తుడవడం, ఒక అడుగు వెనక్కి వేయడం. వెనక్కి తిరిగి చూడకుండానే అడుగు వేస్తోంది. ఎక్కడా తట్టుకోవడం లేదు.

"ఫ్లోరా" అన్నాను.

తలెత్తింది. "వచ్చినవా మామా. అన్నం తిన్నవా?"

"కట్టలు తీసేశాను బిడ్డా. పదకొండడుగులు వచ్చింది. బంతి తెచ్చాను. వచ్చే సెలక్షన్లకు ఇంకా ఆరు నెలలుంది. ముక్తార్ కూడా..."

చేతిలోని బంతిని చూసింది. తీసుకోలేదు. ఒక పేషెంటు బంధువు తడి మీద అడుగు పెట్టబోతుంటే "అమ్మా, ఆగున్రి, జారుతది" అని ఆపింది. తర్వాత నా చెప్పుల వైపు చూసింది.

"జర వెనకకు జరుగు మామా. తడి ఉన్నది."

ఒక అడుగు వేశాను.

"ఇంక జర."

ఇంకో అడుగు వేశాను. వీపుకు గోడ తగిలింది. నేను నిలబడిన మేర కూడా తుడిచి, బకెట్ ఎత్తుకుని పక్క వార్డులోకి వెళ్ళింది. అది ఆరేదాకా నేను అక్కడే నిలబడ్డాను.

సెప్టెంబరు 2

ఇక గేమ్‌కు ఇరవై ఒకటి కాదట, పదకొండు పాయింట్లేనట. ముక్తార్ పేపర్ తెచ్చి చూపించి, నేనేమంటానో అని నా ముఖంలోకి చూశాడు.

ఉత్తరం రాయలేదు.